ఒంటె ఎక్కడం ఉచితం

పిరమిడ్ల దగ్గర గైడు మాట నమ్మి బోల్తాపడ్డ యాత్రికుల జాబితా రాయాల్సి వస్తే మొదటి పేరు హెరొడోటస్‌ది రాయాలి. చరిత్ర రచనకు ఆద్యుడని లోకం గౌరవించే గ్రీకు పెద్దమనిషి ఆయన. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో ఈజిప్టు చూడటానికి వెళ్లాడు. గిజాలో ఖుఫు రాజు పిరమిడ్ ముందు నిలబడి, దాని మీద ఉన్న రాతల్లో ఏముందని దుబాసీని అడిగాడు. దుబాసీ తడుముకోకుండా చదివి చెప్పాడు. కట్టిన కూలీలకు ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి పెట్టడానికి 1600 టాలెంట్ల వెండి ఖర్చయిందట. నేటి తూకంలో అది 40 టన్నుల పైమాటే. మహారాజు తన సమాధి మీద కూరగాయల పద్దు ఎందుకు చెక్కిస్తాడన్న అనుమానం ఆయనకు వచ్చిందో లేదో తెలియదు. విన్నది విన్నట్టు పుస్తకంలో ఎక్కించాడు. దుబాసీకి ఎంత ముట్టజెప్పాడో మాత్రం ఎక్కించలేదు.

అప్పటికే ఆ పిరమిడ్‌కు దాదాపు 2000 ఏళ్లు. దాని చుట్టూ బతికే వృత్తులూ అప్పటికే కుదురుకున్నాయన్నమాట. తర్వాత వచ్చిన వాళ్లు వాటికి మెరుగులు దిద్దారంతే. అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ 1867లో వెళ్లాడు. అక్కడి మనుషులు చెరో రెక్కా పట్టుకుని, నడుమెత్తు రాళ్ల మీదుగా ఈడ్చి పైకెక్కిస్తూ, దారిపొడవునా బక్షీసు అడిగిన వైనాన్ని ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’లో తిట్టుకుంటూ, నవ్విస్తూ రాశాడు. ఆ పుస్తకం వచ్చిన 1869లోనే థామస్ కుక్ తన మొదటి ఈజిప్టు టూరు నడిపించాడు. సూయజ్ కాలువ తెరిచిందీ ఆ ఏడాదే. ప్యాకేజీ టూరూ, దాని చుట్టూ సాగే తతంగం మీద ఫిర్యాదూ కవల పిల్లలుగా పుట్టాయి.

ఇప్పుడు పిరమిడ్ ఎక్కడం నేరం. అందుకని ఒంటె ఎక్కిస్తున్నారు.

ఎక్కడానికి డబ్బులేమీ అక్కర్లేదు, ఊరికే కూర్చోండి, ఒక ఫొటో తీసుకోండి చాలు అంటాడు ఒంటె మనిషి. అది ఇసుకలో కాళ్లు మడుచుకుని బుద్ధిగా కూర్చుని ఉంటుంది. రంగురంగుల కుచ్చులు, గంటలు, మెడలో పూసలు. మీరు జీను మీద సర్దుకునేలోపే అది వెనక కాళ్లు లేపుతుంది, మీరు ముందుకు తూలతారు. ఆ వెంటనే ముందు కాళ్లు లేపుతుంది, వెనక్కి తూలతారు. కళ్లు తెరిచేసరికి మనిషి ఎత్తు దాటి గాల్లో ఉంటారు. ఫొటోలు బాగానే వస్తాయి. ఇక దిగుదామంటే అసలు సంగతి తెలుస్తుంది. ఒంటె దానంతటది కూర్చోదు. యజమాని చెప్పాలి. యజమాని చెప్పాలంటే మీరు ఇవ్వాలి. ఎక్కడం ఉచితమన్న మాటలో అబద్ధం లేదు, దిగడం గురించి మీరు అడగలేదు, అతను చెప్పలేదు.

ఒంటె ఎక్కాలని మనసుంటే ఎక్కండి, తప్పేం లేదు. ఎడారిలో మూడు పిరమిడ్లూ ఒకే వరసలో కనిపించే దిబ్బ దాకా ఒంటె మీద వెళ్లడం మంచి అనుభవమే. కాకపోతే బేరం నేల మీద ఉండగానే తెగాలి. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మొత్తం ఎంత, ఒక్కరికా ఇద్దరికా, ఎంతసేపు, ఎక్కడిదాకా అని అన్నీ అడగాలి. ఏ దేశపు డబ్బో కూడా అడగాలి. ఇరవై పౌండ్లు అంటే ఈజిప్టు పౌండ్లని మనం అనుకుంటాం, దిగాక అవి బ్రిటిష్ పౌండ్లయి కూర్చుంటాయి. డబ్బు కాళ్లు నేలకు ఆనాకే ఇవ్వాలి. జేబులో చిన్న నోట్లు ఉండాలి, ఎందుకంటే అక్కడ ఎవరి దగ్గరా చిల్లర ఉండదు. ఇంకొకటి, డొక్కలు పైకి తేలిన గుర్రాన్నో పుండ్లున్న ఒంటెనో ఎక్కకండి. డొరొతీ బ్రూక్ అనే ఆంగ్ల వనిత కైరోలో ముసలి యుద్ధ గుర్రాల కోసం 1934లో ఉచిత ఆసుపత్రి పెట్టింది. ఆ పేరు మీద నడిచే సంస్థ ఇప్పటికీ పనిచేసే పశువులకు వైద్యం చేస్తోంది. అంటే ఆ పని ఇంకా మిగిలే ఉందన్నమాట.

మాతో వచ్చిన మా మేనత్తకు ఈ సలహాలేవీ అవసరం రాలేదు. తెనాలిలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. అక్కడ అమ్మేవాళ్లంతా ముందు మన దేశం కనుక్కుంటారు. ఇండియా అని తెలియగానే “అమితాబ్ బచ్చన్! షారుఖ్ ఖాన్!” అని చేతులు చాస్తారు. ఇందులో కొంత నిజమైన అభిమానమే ఉంది, ఈజిప్టులో అమితాబ్‌కు పాత తరం నుంచీ పెద్ద పేరు. ఏ దేశానికి ఆ దేశపు పలకరింపు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. అయితే మా అత్తయ్య ఇండియా అనలేదు.

“మాది తెనాలి నాయనా. నువ్వేం ఊరు? పొద్దున్నే ఏమన్నా తిన్నావా, ఎండన పడి తిరుగుతున్నావ్?”

రాతి పిల్లుల బొమ్మలు పట్టుకున్న కుర్రాడు ఆగిపోయాడు. “తెనాలి?” అని పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడు భుజాలెగరేశాడు. అత్తయ్య తెనాలి రామకృష్ణుడి దగ్గర మొదలుపెట్టింది. ఆ కుర్రాడు అరబ్బీలో ఏదో అన్నాడు, ఆవిడ తెలుగులో జవాబు చెప్పింది, ఇద్దరూ నవ్వుకున్నారు. బొమ్మ కొనమని అడగడం అతను మర్చిపోయాడు. “నువ్వేమో వాళ్లను చూసి తల దించుకుని పారిపోతున్నావురా. దొంగలనుకున్నావేమిటి, మనుషులు!” అని నన్ను కోప్పడింది. తెలుగు అంత ధారాళంగా పోయలేని వాళ్లకు “లా షుక్రన్” అన్న రెండు మాటలు చాలు. వద్దు, ధన్యవాదాలు అని. ఒక్కసారి నవ్వుతూ చెప్పి నడక ఆపకూడదు. ఆగి వివరణ ఇచ్చారంటే బేరం మొదలైనట్టే.

మిగతా చిల్లర కిటుకులు త్వరగా చెప్పేస్తాను. దారిలో ఎవరో మీ కారును ఆపి ఆ గేటు మూసేశారు, ఇటు రండి అంటాడు. గేటు మూయలేదు. అతని గుర్రపుశాల ఇటువైపు ఉంది. లోపల ఒకతను టికెట్ చూపించమంటాడు. టికెట్ గేటు దగ్గరే చూస్తారు, ఆ తర్వాత మామూలు బట్టల్లో వచ్చి అడిగేవాళ్ల చేతిలో పెడితే దాంతోపాటు మీరూ అతని వెంట నడవాల్సి వస్తుంది. మీ తలకు గుడ్డ చుట్టి బహుమతి అనేవాడు, ఫొటో తీసిపెడతానని మీ ఫోను తీసుకునేవాడు, ఎవరికీ చూపించని సమాధి చూపిస్తానని తాళాలు గలగలలాడించేవాడు, అందరూ చివరికి చెయ్యి చాచేవాళ్లే. టికెట్లు ఆ దేశపు పురావస్తు శాఖ వెబ్‌సైట్‌లోనో అక్కడి కౌంటర్‌లోనో కొనండి, కార్డు దగ్గరుంచుకోండి. 2025 ఏప్రిల్ నుంచి ఫయూమ్ రోడ్డు వైపు కొత్త ప్రవేశ ద్వారం, ప్రాంగణంలో తిరగడానికి కరెంటు బస్సులు మొదలుపెట్టారు. ఒంటెలను, గుర్రాలను వేరే చోటికి జరిపారు. ఒంటెల వాళ్లు దాని మీద ధర్నాలు కూడా చేశారు.

ఇవన్నీ కలిపి లెక్కేసినా పోయేది హైదరాబాదులో ఒక కుటుంబం హోటల్లో భోంచేసినంత డబ్బు. అంత దూరం వెళ్లినవాళ్లు ఆ మాత్రం డబ్బు కోసం ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి ఒంటెవాణ్ని తిడుతూ ఉంటారు. అసలు దోపిడీ గురించి ఒక్కరూ మాట్లాడరు. అది ఒంటె మీద రాదు. చల్లటి ఏసీ బస్సులో, మంచినీళ్ల సీసా ఇచ్చి, మీ పేరు గుర్తుపెట్టుకుని మర్యాదగా పిలిచే గైడుతో వస్తుంది. అది తీసుకునేది మీ పూటను.

మనవాళ్లు ఎక్కువగా గ్రూప్ టూర్లలో వెళతారు. పొద్దున ఇడ్లీ, రాత్రి సాంబారన్నం, తెలుగు మాట్లాడే టూర్ మేనేజర్ అని ప్రకటన ఉంటుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పెద్దవాళ్లకు అదే సుఖం. పొద్దున ఎనిమిదింటికి బస్సు బయల్దేరుతుంది. తొమ్మిదింటికి పిరమిడ్ దగ్గర దింపుతారు. మహా పిరమిడ్ దగ్గర అరగంట, మూడూ కనిపించే చోట ఫొటోలకు పావుగంట, స్ఫింక్స్ దగ్గర ఇరవై నిమిషాలు. స్ఫింక్స్ 73 మీటర్ల పొడవు, 20 మీటర్ల ఎత్తు ఉన్న ఏకశిల. దాని చుట్టూ కళ్లు తిప్పడానికే ఆ ఇరవై నిమిషాలు సరిపోవు. అది సూర్యోదయం వైపు చూస్తూ ఉంటుందని గైడు గంభీరంగా చెబుతాడు. ఈ మధ్య కాలంలో దాని చూపుకు సూర్యుడి కంటే ముందు ఎదురుగా ఉన్న అమెరికన్ పిజ్జా కొట్టు తగులుతోందని మాత్రం చెప్పడు.

ఆ తర్వాత మీరు అత్తరు ఫ్యాక్టరీకి వెళతారు. ఫ్యాక్టరీ అని పేరేగానీ అది కొట్టు. టీ ఇస్తారు. గాజు బుడ్డీలు వరసగా పెట్టి, ఇది తామర సారం, ఇది క్లియోపాత్రా పూసుకున్నది అని ముంజేతి మీద ఒక్కో చుక్క రాస్తారు. నాలుగో చుక్క తర్వాత అన్నీ ఒకే వాసన వేస్తాయి. అక్కణ్నుంచి పపైరస్ ఇన్‌స్టిట్యూట్. అదీ కొట్టే. తర్వాత ఈజిప్టు పత్తి బట్టల కొట్టు. ఆ తర్వాత మీ పేరు చిత్రలిపిలో చెక్కిన వెండి లాకెట్లు. పేరు చుట్టూ గీసే ఆ కోలగీత పాతకాలంలో రాజుల, రాణుల పేర్లకే గీసేవారు. ఇప్పుడు ఎవరికైనా గీస్తారు. మా బస్సులో వెంకట సుబ్బలక్ష్మి అనే ఆవిడ పేరు పట్టాలంటే లాకెట్ వడ్డాణమంత కావాల్సి వచ్చింది. చివరికి ‘లక్ష్మి’తో సరిపెట్టారు, ధర మాత్రం తగ్గించలేదు. ఈ నాలుగు కొట్లూ తిరిగేసరికి మధ్యాహ్నం మూడు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో అతి పాతదాని ముందు గంటా అయిదు నిమిషాలు, అత్తరు ముందు రెండు గంటలు.

పపైరస్ మీద ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందులో నిజంగా గొప్ప కథ ఉంది. నైలు ఒడ్డున పెరిగే ఒక జాతి తుంగ కాడను పొరలుగా చీల్చి, అడ్డంగా నిలువుగా పేర్చి, నొక్కి ఆరబెడితే వచ్చే పత్రం అది. వేల ఏళ్లు లోకానికి కాగితంలా ఉపయోగపడి, తర్వాత ఆ విద్య పూర్తిగా మరుగున పడింది. చైనాలో ఈజిప్టు రాయబారిగా పనిచేసిన హసన్ రగాబ్ అనే ఆయన 1960లలో పట్టుబట్టి దాన్ని మళ్లీ బతికించాడు. మొక్క కూడా ఈజిప్టులో దాదాపు కనుమరుగైతే సూడాన్ నుంచి తెప్పించి పెంచాడు. ఆయన పెట్టిన పపైరస్ ఇన్‌స్టిట్యూట్ పేరునే ఇప్పుడు వీధికో కొట్టు తగిలించుకుంటోంది. వీధుల్లో అమ్మేవి చాలావరకు అరటి నారవో చెరకు పిప్పివో, బొమ్మ అచ్చు వేసింది. నిజమైన పపైరస్‌ను వెలుతురుకు ఎదురుగా పడితే నారల గళ్లు అడ్డంగా నిలువుగా కనిపిస్తాయి. చుట్ట చుడితే విరగదు. నకిలీది మడత దగ్గర ఫెళ్లుమంటుంది. కొనదలిస్తే చూసి కొనండి. మంచి పపైరస్ చాలా అందంగా ఉంటుంది.

కొట్ల బాధ తప్పించుకోవడం అసాధ్యమేమీ కాదు. డబ్బు కట్టకముందే టూర్ వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. కైరోలో దుకాణాల దగ్గర ఎన్నిసార్లు ఆపుతారు, గిజా ప్రాంగణం లోపల ఎన్ని గంటలు ఉంటాం. జవాబు రాతలో అడగండి. మొదటిదానికి “అబ్బే, ఊరికే చూపిస్తామండీ, కొనాలని రూలేం లేదు” అని జవాబొస్తే అర్థం చేసుకోండి. గైడుకు జీతం తక్కువ, కొట్టు ఇచ్చే కమీషన్ ఎక్కువ. అది అతని తప్పు కూడా కాదు, తక్కువ ధరకు టూరు కావాలన్న మన బేరంలోనే ఆ కొట్లు పుట్టాయి. నలుగురైదుగురు కలిసి సొంతంగా కారు మాట్లాడుకుని, ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడును పెట్టుకుని, “దుకాణాలు వద్దు, దానికి బదులు మీకు ఇంత ఎక్కువ ఇస్తాం” అని మొదటే చెప్పేస్తే ఆ మనిషి మొహంలో వచ్చే మార్పు చూడాలి. చదువుకున్న మనిషి, ఈజిప్టు చరిత్ర పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నవాడు, అత్తరు అమ్మాలని అతనికీ ఉండదు.

పిరమిడ్ లోపలికి వెళ్లాలా వద్దా అన్నది ఇంకో చిక్కు ప్రశ్న. మహా పిరమిడ్ లోపలికి విడిగా, ఖరీదైన టికెట్ ఉంటుంది. సినిమాలు చూసినవాళ్లు లోపల రంగుల గోడలు, బంగారం, చిత్రలిపి ఉంటాయనుకుంటారు. ఏమీ ఉండవు. 9వ శతాబ్దంలో ఖలీఫా అల్ మమూన్ తొలిపించాడని చెప్పే సొరంగం గుండా లోపలికెళ్లి, నడుం వంచుకుని ఇరుకు దారిలో పైకి పాకాలి. ఎదురుగా దిగేవాళ్ల మోకాళ్లు మీ మొహానికి తగులుతుంటాయి. ఉక్కపోత. ఆ తర్వాత హఠాత్తుగా పైకప్పు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తుకు లేస్తుంది. 47 మీటర్ల పొడవున్న గ్రాండ్ గ్యాలరీ అది. చివర్లో గ్రానైట్ గది, అందులో మూతలేని ఖాళీ రాతి తొట్టి. అంతే. నా లెక్కన ఆ గ్యాలరీ ఒక్కటే టికెట్ ధరకు సరిపోతుంది. రాళ్లను ఒక వరస మీద ఒక వరస కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పైన కలిపిన ఆ పనితనం ముందు రంగులు అక్కర్లేదు. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకులో ఊపిరాడని వాళ్లు, బొమ్మలు చూడాలనుకునేవాళ్లు ఆ డబ్బు దాచుకోండి. బొమ్మలు కావాలంటే అదే ప్రాంగణంలో తూర్పు వైపు మెరెసాంఖ్ రాణి సమాధి ఉంది. రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి, కొండరాతిలో వరసగా చెక్కిన పదిమంది స్త్రీల విగ్రహాలున్నాయి. బస్సుల వాళ్లు అటు వెళ్లరు.

ఇంకో చిన్న విషయం. చాలామంది తెచ్చుకునే ‘మహా పిరమిడ్’ ఫొటో నిజానికి ఖుఫుది కాదు, అతని కొడుకు ఖఫ్రేది. అది ఎత్తైన నేల మీద ఉండటం వల్ల పెద్దదిగా కనిపిస్తుంది. కొసన పాత నునుపు సున్నపురాతి తొడుగు ఇంకా మిగిలి ఉండటం దాని గుర్తు. ఖుఫుది అసలు 146 మీటర్ల పైచిలుకు, ఇప్పుడు 138 దాకా ఉంది. దాని తొడుగు రాళ్లు కైరో నగరపు గోడల్లోకీ మసీదుల్లోకీ వెళ్లాయి.

వస్తువులే కాదు, అక్కడ కథలూ అమ్ముతారు. ఈ పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారని యూట్యూబ్‌లో చూసి వెళ్లేవాళ్లు, కొరడా దెబ్బలు తిన్న బానిసలు కట్టారని హాలీవుడ్ సినిమా చూసి వెళ్లేవాళ్లు మన బస్సులో సగం మంది ఉంటారు. గైడు అది గ్రహించి వాళ్లకు కావలసిందే వడ్డిస్తాడు. నిజం వాటి కంటే రుచిగా ఉంది. 1990లో పిరమిడ్లకు దక్షిణంగా ఒక గుర్రం కాలికి మట్టి ఇటుకల గోడ తగిలి తడబడింది. తవ్వి చూస్తే పిరమిడ్ కట్టిన పనివాళ్ల సమాధులు. పురావస్తు శాస్త్రవేత్తలు జాహీ హవాస్, మార్క్ లెనర్ తవ్వకాల్లో ఆ చుట్టుపక్కల రొట్టెల బట్టీలు, గుట్టల కొద్దీ పశువుల ఎముకలు, పనివాళ్ల ఊరు బయటపడ్డాయి. రాజు పిరమిడ్ నీడన గౌరవంగా పాతిపెట్టిన వాళ్లు బానిసలు కారు. రాళ్ల మీద ముఠాలు రాసుకున్న పేర్లు ఇంకా ఉన్నాయి. ‘ఖుఫు స్నేహితులు’ ఒక ముఠా. మూడో పిరమిడ్ కట్టించిన రాజు పేరున ‘మెంకౌరే తాగుబోతులు’ ఇంకొకటి.

2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త పియెర్ తలే బృందానికి పపైరస్ ముక్కలు దొరికాయి. రాతలున్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అతి పాతవి అవే. వాటిలో మెరెర్ అనే మేస్త్రీ దినచర్య ఉంది. తన మనుషులతో తూరా క్వారీ నుంచి తెల్ల సున్నపురాయి పడవలకెక్కించి నైలు మీదుగా గిజాకు ఎన్నాళ్లకు చేర్చిందీ రోజువారీగా రాసుకున్నాడు. ఖుఫు పిరమిడ్ పనే అది. ఆ పపైరస్‌లలో ఇంకేమున్నాయంటే, పనివాళ్లకు వచ్చిన తిండి పద్దులు. హెరొడోటస్‌కు ఉల్లిపాయల కథ చెప్పిన దుబాసీ రాయి మీద లేనిది చదివాడేమో గానీ, కూలీల తిండికి పద్దు రాశారన్న సంగతి మాత్రం నిజమే. ఈ కథ చెప్పే గైడు దొరికితే అతని వెంట రోజంతా తిరగండి.

ఒంటెల వాళ్ల గురించి ఇంత చెప్పాక వాళ్ల వైపు మాట కూడా చెప్పాలి. స్ఫింక్స్ కాళ్ల దగ్గర నజ్లెత్ అల్ సమ్మాన్ అనే పేట ఉంది. తరతరాలుగా ఆ ఇళ్లకు యాత్రికులే పంట. 2010లో ఈజిప్టుకు 1 కోటి 47 లక్షల మంది వచ్చారు. మరుసటి ఏడు విప్లవం వచ్చింది, ఆ సంఖ్య కోటి లోపుకు పడిపోయింది. 2011 ఫిబ్రవరి 2న గుర్రాలు, ఒంటెల మీద తహ్రీర్ చౌకులోకి దూసుకొచ్చి ఉద్యమకారుల మీద పడ్డ రౌతుల్లో ఈ పేట వాళ్లున్నారు. పని పోయిన కడుపుమంట అన్నారు కొందరు, డబ్బిచ్చి పంపారన్నారు ఇంకొందరు. 2024 మార్చిలో ఒక్కరోజులో వాళ్ల పౌండు డాలరుకు 31 నుంచి 50 దాకా జారింది. మీరిచ్చే బక్షీసును వాళ్లు డాలర్లలో ఎందుకు అడుగుతారో ఇది చూస్తే తెలుస్తుంది. కాశీ పండాల చేతిలో పడి తిరిగొచ్చిన మన పెద్దవాళ్లు వాళ్లను తిట్టుకుంటూనే, వాళ్ల వంశావళి పుస్తకాల్లో తాతల పేర్లు దొరికాయని మురిసిపోలేదూ? యాత్ర ఉన్నచోట మధ్యవర్తి ఉంటాడు. పనికొచ్చే పని చేసినవాడికి అడగకముందే ఇవ్వడం, చేయనివాడికి నవ్వుతూ వద్దనడం, ఇంతకు మించి చేయగలిగిందేమీ లేదు.

గిజాలో మిగిల్చుకున్న పూటను ఎక్కడ ఖర్చుపెట్టాలో చెప్పకపోతే ఈ గోలంతా వృథా. కైరోకు దక్షిణంగా 30 కిలోమీటర్ల దూరంలో సక్కారా ఉంది. ఇంహోతెప్ అనే మంత్రి జోసర్ రాజు కోసం కట్టించిన మెట్ల పిరమిడ్ అక్కడిదే. ఈజిప్టులో రాతితో కట్టిన మొట్టమొదటి పిరమిడ్. పక్కనే ఉనాస్ రాజు పిరమిడ్ లోపలి గోడల నిండా చిత్రలిపి ఉంటుంది, గిజాలో లేక నిరాశపడ్డది ఇక్కడ దొరుకుతుంది. ఉద్యోగుల సమాధుల్లో చేపలు పట్టేవాళ్లు, ఆవుల్ని కాలువ దాటించేవాళ్లు, రొట్టె కాల్చేవాళ్లు గోడల మీద ఇంకా పనిలోనే ఉన్నారు. ఇంకో పది కిలోమీటర్లు పోతే దహ్షూర్. ఖుఫు తండ్రి స్నెఫెరు అక్కడ రెండు పిరమిడ్లు కట్టించాడు. ఒకదానికి సగం ఎత్తుకు వచ్చేసరికి వాలు మార్చాల్సి వచ్చి నడుం వంగింది. దానితో నేర్చుకున్న పాఠంతో రెండోదాన్ని మొదటి నుంచీ తక్కువ వాలుతో కట్టారు. అదే ఎర్ర పిరమిడ్. దాని లోపలికి దాదాపు 60 మీటర్లు దిగి వెళ్లొచ్చు. గిజాలో ఉన్న జనంలో పదోవంతు కూడా అక్కడ కనిపించరు. ఎడారిలో పిరమిడ్ చూశామన్న తృప్తి కావాలంటే దహ్షూరే సరైన చోటు అని నా అభిప్రాయం.

గిజాకు దగ్గర్లోనే కట్టిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 నవంబరులో పూర్తిగా తెరుచుకుంది. టుటన్‌ఖామున్ సమాధి వస్తువులు 5000కు పైగా ఒకేచోట పెట్టారు. ఖుఫు పిరమిడ్ పక్కన 1954లో గోతిలో దొరికిన 43 మీటర్ల దేవదారు పడవ కూడా అక్కడికే చేరింది. పిరమిడ్, మ్యూజియం ఒకే రోజు పెట్టుకోకండి. పొద్దున పిరమిడ్ చూసిన కాళ్లు మధ్యాహ్నం మ్యూజియంలో కూర్చునే బల్లలు మాత్రమే చూస్తాయి.

ఇక చివరి మాట, కైరో టికెట్లు కొనేసిన తెలుగువాళ్లకు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. నిజాం కుటుంబీకుడు నజీర్ నవాజ్ జంగ్ కొనితెచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చాడు. యువతి దేహం అది. కైరో దాకా వెళ్లొచ్చిన హైదరాబాదువాళ్లను అడిగి చూడండి, చాలామంది ఆమెను చూసి ఉండరు. వెళ్లేముందు ఒక పూట అక్కడ గడిపి రండి. టికెట్ తక్కువ, తొందరపెట్టే గైడు లేడు, బయట అత్తరు కొట్టూ లేదు. శుక్రవారం మాత్రం సెలవు.